వర్జీనియా 2019 టైటిల్ అదృష్టమేనంటున్నారు, ఒప్పుకోవాలా?

గోదారిగట్టు
వర్జీనియా యూనివర్సిటీ మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు 2019లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టైటిల్ కొట్టింది కదా. ఆ సీజన్ గురించి ఎక్కడ మాట వచ్చినా "అదృష్టం కలిసొచ్చింది" అనే అంటున్నారు. పర్డ్యూ మీద ఆఖరి క్షణంలో స్కోరు సమం చేసి ఓవర్‌టైమ్‌లో గెలిచారు. ఆబర్న్ మీద 0.6 సెకన్లు మిగిలుండగా ఫౌల్ దొరికింది. ఫైనల్లో టెక్సస్ టెక్ మీద పన్నెండు సెకన్లు ఉండగా త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడి మళ్ళీ ఓవర్‌టైమ్. నిజమే, మూడూ చేజారిపోయాయనుకున్న మ్యాచ్‌లే. కానీ సీజన్ మొత్తం మీద 35 గెలిచి 3 ఓడిన జట్టుని పట్టుకుని అదృష్టం అంటే నాకు మింగుడు పడటం లేదు. అంతకు ముందు ఏడాది ఇదే జట్టు 16వ సీడ్ (టోర్నమెంట్‌లో అట్టడుగు ర్యాంకు) యూఎంబీసీ అనే కాలేజీ జట్టు చేతిలో 74-54తో చిత్తయింది. కోచ్ అదే, పద్ధతి అదే. మరి ఏడాదిలో ఏం మారింది? ఆట లోపలి సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

కోనసీమ_షూటర్
అదృష్టమే. వరుసగా మూడు మ్యాచ్‌లు ఆఖరి పదిహేను సెకన్లలో తిరగడం పద్ధతి వల్ల జరిగేది కాదు. ఆబర్న్ మ్యాచ్‌లో వర్జీనియా గార్డు జెరోమ్ బంతి కాలికి తగిలి జారిపోయింది, రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ డ్రిబుల్ చేశాడు. అది డబుల్ డ్రిబుల్. విజిల్ పడలేదు. పడి ఉంటే బంతి ఆబర్న్‌ది, మ్యాచ్ అక్కడితో సరి.

ఓరుగల్లు_పాయింట్‌గార్డ్
ముందు 2018 మార్చి 16 సంగతి తేలిస్తే 2019 దానంతటదే అర్థమవుతుంది. షార్లట్‌లో ఆట. హాఫ్ టైమ్‌కి 21-21. అంటే డిఫెన్స్ అప్పటిదాకా పని చేస్తూనే ఉంది, పాయింట్లే రావడం లేదు. రెండో సగంలో యూఎంబీసీ 53 కొట్టింది. ఆ సీజన్లో వర్జీనియా మీద ఒక జట్టు మొత్తం మ్యాచ్‌లో కొట్టే సగటు 54 దరిదాపు. అది ఒక్క సగంలో పోయింది.

ఎందుకంటే వర్జీనియా ఆటగాడు డిఆండ్రే హంటర్ మణికట్టు విరిగి బయట కూర్చున్నాడు. 201 సెంటీమీటర్ల మనిషి, గార్డునీ (బయట బంతి నడిపే చిన్నవాణ్ని) కాచగలడు, పోస్టులో (రింగ్ దగ్గర) ఉన్నవాణ్నీ కాచగలడు. యూఎంబీసీ నలుగురు చిన్నవాళ్ళని పెట్టి కోర్టంతా పరుచుకుని ఆడింది. వాళ్ళకి ఎదురు నిలబెట్టే మనిషి వర్జీనియాకి లేడు. వాళ్ళ జైరస్ లైల్స్ 28 కొట్టాడు. యూఎంబీసీ త్రీలు 24కి 12, వర్జీనియావి 22కి 4. వెనకబడ్డాక గబగబా పాయింట్లు తెచ్చే దారి వర్జీనియా అఫెన్స్‌లో లేకపోయింది. అసలు జబ్బు అది.

లెక్కలమాస్టారు
అంతకు ముందు మొదటి సీడ్‌కీ 16వ సీడ్‌కీ జరిగిన 135 మ్యాచ్‌లలో ఒక్కటి కూడా 16వ సీడ్ గెలవలేదని గుర్తు చేయాలి. ఆ దెబ్బ ఎంత పెద్దదో తెలియాలంటే ఈ అంకె కావాలి.

పికెండ్‌రోల్
నెమ్మదిగా ఆడటమే అసలు తప్పు అని నా వాదన. 2018–19లో డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటలో పై అంచె) ఉన్న 353 జట్లలో అందరికన్నా నెమ్మదైన జట్టు వర్జీనియానే. మ్యాచ్‌కి అరవై పొసెషన్లు (బంతి చేతికొచ్చి దాడి చేసే వంతులు). వేగంగా ఆడే జట్లకి 75 దాకా వస్తాయి. పొసెషన్లు తక్కువైతే బలమైన జట్టుకీ బలహీనమైన జట్టుకీ తేడా కనపడటానికి సమయం ఉండదు. అందుకే ప్రతి మ్యాచూ గొంతు మీదికి వచ్చింది. పద్ధతి వాళ్ళని కాపాడలేదు, పద్ధతే వాళ్ళని ఇరికించింది.

లెక్కలమాస్టారు
పికెండ్‌రోల్ గారూ, ఈ మాట అందరూ అంటారు, లెక్క వేసి చూడరు. నేను వేస్తాను. ఒక జట్టు ఎదుటి జట్టుకన్నా పొసెషన్‌కి 0.2 పాయింట్లు మెరుగు అనుకుందాం. 60 పొసెషన్లలో అది 12 పాయింట్ల ఆధిక్యం, 75లో 15. ఆటుపోట్లు కూడా పొసెషన్లతో పాటు పెరుగుతాయి, కానీ వర్గమూలం చొప్పున. 60కి 10 పాయింట్లు అటూ ఇటూ అనుకుంటే 75కి 11.2. గెలిచే అవకాశం నెమ్మదిగా ఆడితే 88 శాతం, వేగంగా ఆడితే 91 శాతం. మూడు శాతం తేడా. లేదని అనను. కానీ యూఎంబీసీ చేతిలో ఇరవై పాయింట్ల తేడాతో ఓడటానికి ఇది కారణం కాదు, పర్డ్యూ మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి పోవడానికీ కాదు.

పికెండ్‌రోల్
లెక్క ఒప్పుకుంటున్నాను. నేను పది, పదిహేను శాతం ఉంటుందనుకున్నాను. అయినా ఒక్కటి మిగిలే ఉంది: వెనకబడ్డప్పుడు పొసెషన్ల కరువు బాగా కొడుతుంది. పది నిమిషాల్లో 15 పాయింట్లు తేవాలంటే వాళ్ళకి దొరికేవి పదిహేనే.

లెక్కలమాస్టారు
అది సరైన మాట. అక్కడ మీతో ఉన్నాను.

ఓరుగల్లు_పాయింట్‌గార్డ్
అందుకే 2019 మొదటి రౌండ్‌లో గార్డ్‌నర్-వెబ్ మ్యాచ్ చూడమంటాను. మళ్ళీ 16వ సీడే, మళ్ళీ వెనకబడ్డారు, ఒక దశలో 14 పాయింట్లు. హాఫ్ టైమ్‌కి 36-30. రెండో సగం 41-20తో వర్జీనియాది, చివరికి 71-56. త్రీల వెంట పడలేదు. హంటర్ చేతికి బంతి ఇచ్చి చిన్న డిఫెండర్ మీదికి లోపలికి తోయించారు, వాళ్ళ పొడుగాటి ఆటగాడు డియాకిటేని రింగ్ దగ్గర వెతికారు. హంటర్ 23, డియాకిటే 17. యూఎంబీసీ మీద లేని దారి ఇదే.

బెంచ్_చివర
2019లో కొత్తగా వచ్చిన మనిషిని మీరెవరూ తలవలేదు. కిహేయ్ క్లార్క్. 175 సెంటీమీటర్లు, మొదటి సంవత్సరం కుర్రాడు. బంతి తెచ్చే పని అతను తీసుకోవడంతో టై జెరోమ్, కైల్ గై ఇద్దరికీ బంతి లేకుండా స్క్రీన్‌ల (కాచేవాడికి అడ్డంగా సొంత జట్టువాడు నిలబడటం) చుట్టూ తిరిగే వీలు దొరికింది. అవతలి గార్డు మీద కోర్టు మొత్తం అంటిపెట్టుకుని ఉండి ఎనిమిది సెకన్లు తినేసేవాడు. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి గడువు) 30 సెకన్లే కాబట్టి ఎదుటి జట్టు సెట్ (ముందే అనుకున్న ఎత్తు) మొదలుపెట్టేసరికి 22 మిగిలేవి. అలబామా నుంచి బదిలీ అయి వచ్చిన బ్రాక్స్‌టన్ కీకి కూడా అదే ఏడాది ఆడే అనుమతి దొరికింది. రీబౌండ్లకి బాగా అక్కరకొచ్చాడు.

పికెండ్‌రోల్
అఫెన్స్ మార్పు కూడా చెప్పాలి. కోచ్ టోనీ బెనెట్ పాత పద్ధతి మూవర్-బ్లాకర్. ముగ్గురు తిరుగుతూనే ఉంటారు, ఇద్దరు పెద్దవాళ్ళు (రింగ్ దగ్గర ఆడే పొడుగాటివాళ్ళు) వాళ్ళ కోసం స్క్రీన్‌లు పెడుతూనే ఉంటారు. డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి పోతే షాట్, వెనకే తరిమితే కర్ల్ (రింగ్ వైపు వంపు తిరగడం), మధ్యలో దూరితే ఫ్లేర్ (బయటికి జరగడం). చూడటానికి ఒకటే తిరుగుడు, లోపల మాత్రం ప్రతిసారీ నిర్ణయం ఉంటుంది.

దీనికి విరుగుడు, మారిపోయి కాచడం. ఎవరి మనిషి వస్తే వాణ్ని పట్టుకోవడం. జనవరి 19న డ్యూక్ సొంత కోర్టులో అదే చేసింది, 72-70తో గెలిచింది. అన్నీ స్విచ్ చేస్తే మూవర్‌కి ఖాళీ దొరకదు. అందుకని ఆ సీజన్లో బెనెట్ బాల్ స్క్రీన్ (బంతి ఉన్నవాడి కోసం పెట్టే స్క్రీన్) మీద నడిచే సెట్ ఎక్కువ వాడాడు. ఒక వైపు స్క్రీన్, అక్కడ ఏమీ దొరక్కపోతే బంతి అవతలి వైపు, అక్కడ ఇంకో స్క్రీన్. జెరోమ్ 196 సెంటీమీటర్లు, స్క్రీన్ మీద నుంచి కోర్టు మొత్తం కనపడేది అతనికి. మ్యాచ్‌కి 5.5 అసిస్టులు ఊరికే రాలేదు.

సిమెంట్‌కోర్టు
డిఫెన్స్ గురించి నాకో సందేహం. ప్యాక్ లైన్ అంటారు కదా, అది జోన్‌లా కనిపిస్తుంది గానీ జోన్ కాదంటారు. మా ఇంజనీరింగ్ కాలేజీ జట్టుకి నేర్పించాలని ఉంది. ఇంటర్ కాలేజియేట్‌కి రెండు నెలలుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

లోపలిగీత
జోన్ కాదు, మనిషికి మనిషే. కాకపోతే నిలబడే చోటు వేరు. దీన్ని తయారుచేసింది టోనీ బెనెట్ తండ్రి డిక్ బెనెట్. రింగ్ కింద నుంచి 16 అడుగుల దూరంలో, అంటే దాదాపు 4.9 మీటర్లలో, కనపడని ఒక అర్ధవలయం ఉందనుకోండి. బంతి ఉన్నవాణ్ని కాచేవాడు ఒక్కడే ఆ గీత బయటికి పోయి ఒత్తిడి పెడతాడు. మిగతా నలుగురూ గీత లోపలే, తమ మనిషికీ బంతికీ మధ్య ఖాళీలో ఉంటారు. పాస్‌ని అడ్డుకోవడం వాళ్ళ పని కాదు. బంతి లోపలికి దూరకుండా చూడటం వాళ్ళ పని.

ఒక్క పొసెషన్ దగ్గరగా చూద్దాం. బంతి కుడి వైపు ఆర్క్ (త్రీ గీత) దగ్గర ఉంది. కాచేవాడు బేస్‌లైన్ దారి మూసి నిలబడాలి, ఎందుకంటే సాయం మధ్యలో ఉంది, మూలలో లేదు. పైన ఉన్న పక్కవాడు ఒక అడుగు లోపలికి, మోకాళ్ళు వంచి, ఛాతీ బంతి వైపు. డ్రైవ్ (డ్రిబుల్‌తో లోపలికి దూసుకురావడం) మొదలైతే వాడు దారిలో కనపడాలి, చెయ్యి పెట్టకూడదు. చెయ్యి పెడితే ఫౌల్. డ్రైవ్ చేసేవాడు ఆగి బంతి బయటికి ఇవ్వగానే, బంతి గాలిలో ఉండగానే, సాయానికి వచ్చినవాడు తన మనిషి మీదికి పరిగెత్తాలి. ముందు రెండు మూడు పెద్ద అడుగులు, చివరి మీటరులో చిన్న చిన్న అడుగులు, రెండు చేతులూ పైకి. ఆ చిన్న అడుగులు లేకపోతే కుర్రాడు ఎగిరిపోతాడు, అవతలివాడు ఒక్క డ్రిబుల్‌తో దాటేస్తాడు.

పోస్టులోకి బంతి పడితే రెండో పెద్దవాడు వచ్చి ఇద్దరూ కలిసి పట్టుకుంటారు, గార్డులు రారు. బాల్ స్క్రీన్ వస్తే స్క్రీన్ పెట్టినవాణ్ని కాచే పెద్దవాడు అడ్డంగా బయటికి దూకి డ్రిబ్లర్‌ని వెనక్కి నెట్టాలి, గార్డు స్క్రీన్ పైనుంచి వచ్చి పట్టుకోగానే ఈయన వెనక్కి పరుగు.

చివరిది, అందరూ వదిలేసేది: రీబౌండ్. పాతిక సెకన్లు చచ్చీచెడీ కాచి, షాట్ తప్పిపోయాక బంతి వాళ్ళకే ఇస్తే కాచిందంతా దండగ.

నెల్లూరు_జంప్‌షాట్
ఇంత లోపలికి ముడుచుకుంటే త్రీలు పడవా? ఫిబ్రవరి 9న డ్యూక్ వాళ్ళు వర్జీనియా కోర్టుకే వచ్చి 81-71తో కొట్టారు. త్రీలు 21కి 13.

లోపలిగీత
పడతాయి. ఈ పద్ధతికి కట్టే ధర అదే. కానీ ఆ రెండు డ్యూక్ మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో డ్యూక్ త్రీలు 14కి 2, అయినా గెలిచింది, జయాన్ విలియమ్సన్, ఆర్‌జే బ్యారెట్ ఇద్దరూ లోపలికి దూసుకొచ్చారు కాబట్టి. అక్కడ తప్పింది డిఫెన్స్. రెండోదాంట్లో లోపల బాగానే మూశారు, బయట నుంచి పడ్డాయి. ఆ రెండో రకం ఓటమి ఏడాదికి ఒకటి వస్తుందని తెలిసే ఈ పద్ధతి ఎంచుకుంటారు. సీజన్ మొత్తం మీద వర్జీనియా ఎదుటి జట్ల త్రీ శాతం 30 లోపే ఉంది, మ్యాచ్‌కి ఇచ్చింది 56 పాయింట్లు. దేశంలో అందరికన్నా తక్కువ.

బెంచ్_చివర
ఒక ముచ్చట. త్రీలు వదిలేసే డిఫెన్స్ నడిపిన టోనీ బెనెట్ స్వయంగా కాలేజీ రోజుల్లో త్రీలు 49.7 శాతం వేశాడు. ఎన్‌సీఏఏ రికార్డు అది. తండ్రి దగ్గరే, గ్రీన్ బేలో ఆడినప్పుడు. ఇంట్లో ప్రాక్టీసులో తండ్రి డిఫెన్స్‌కి కొడుకు షాట్ ఎన్నిసార్లు పరీక్ష పెట్టిందో!

నెల్లూరు_జంప్‌షాట్
బలే సంగతి చెప్పారు.

కోనసీమ_షూటర్
డిఫెన్స్ పాఠం బాగుంది గానీ నా మాటకి జవాబు రాలేదు. ఆఖరి సెకన్ల సంగతి ఏంటి?

ఓరుగల్లు_పాయింట్‌గార్డ్
వస్తున్నా. పర్డ్యూ మ్యాచ్. వాళ్ళ కార్సెన్ ఎడ్వర్డ్స్ పది త్రీలు, 42 పాయింట్లు. చేతులు మొహం మీద ఉన్నా వేశాడు. ఇటు గై రెండో సగంలో లేచాడు, 25. పర్డ్యూ 70-67తో ముందుంది. 5.9 సెకన్లు ఉండగా జెరోమ్‌ని ఫౌల్ చేశారు. మూడు పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు త్రీ వేసే అవకాశమే ఇవ్వకుండా ఫౌల్ చేయడం, పుస్తకం ప్రకారం సరైన పని.

మొదటి ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే ఒక్క పాయింట్ షాట్) పడింది, 70-68. రెండోది తప్పింది. డియాకిటేకి బంతి రెండు చేతుల్లోకి అందదు, అందుకని వేళ్ళతో వెనక్కి కొట్టాడు. అది సగం గీత దాటి వర్జీనియా వైపుకే దొర్లిపోయింది. క్లార్క్ పరిగెత్తి అందుకున్నాడు, తిరిగాడు. దగ్గర్లో జెరోమ్ చేతులు చాపి అడుగుతున్నాడు. అతనికిస్తే దూరం నుంచి త్రీ ఒక్కటే గతి. క్లార్క్ ఇవ్వలేదు. రింగ్ ముందుకి తిరిగొచ్చిన డియాకిటేకి ఛాతీ ఎత్తులో పొడుగు పాస్ విసిరాడు. దాదాపు పన్నెండు అడుగుల నుంచి డియాకిటే పట్టిందే పట్టి వేశాడు, బజర్ మోగేలోగా బంతి చేతిని వదిలింది. 70-70. ఓవర్‌టైమ్‌లో 80-75.

బంతి టిప్ అయి అంత దూరం పోవడం అదృష్టమే, కాదనను. క్లార్క్ ఆ పాస్ చూడటం అదృష్టం కాదు. రెండు పాయింట్లు చాలని, త్రీ అక్కర్లేదని ఆ మూడు సెకన్లలో అతనికి గుర్తుంది.

పికెండ్‌రోల్
ఫైనల్లో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. టెక్సస్ టెక్ 68-65తో ముందుంది, ఇరవై సెకన్లు పైన ఉంది. ఫౌల్ చేయలేదు. జెరోమ్ లోపలికి డ్రైవ్ చేశాడు, సాయానికి మనిషి జరిగాడు, బంతి బయట ఖాళీగా ఉన్న హంటర్‌కి. త్రీ పడింది, 68-68. టెక్ డిఫెన్స్ వర్జీనియాకి తలకిందులు. మధ్య దారి మూసి బేస్‌లైన్ వైపు తోస్తారు, ఆ వైపు సాయం గట్టిగా వస్తుంది. అలాంటప్పుడు బయట ఒకడు ఖాళీ అవుతాడు. వర్జీనియా అది తెలిసే ఆడింది.

అంటే ఒకరు ఫౌల్ చేసి ఓడారు, ఒకరు చేయక ఓడారు. మూడు ముందున్నప్పుడు ఏం చేయాలనే వాదన ఈ రెండు మ్యాచ్‌లతో తేలదు.

లెక్కలమాస్టారు
రెండే మ్యాచ్‌లు కదా, తేలదు. కానీ ఒక తేడా చూడండి. ఇరవై సెకన్లుండగా ఫౌల్ చేస్తే ఫ్రీ త్రోల ఆట మొదలవుతుంది, వాళ్ళకి ఇంకో రెండు పొసెషన్లు దొరుకుతాయి. ఐదారు సెకన్లుండగా చేస్తే ఎదుటివాడికి మిగిలేది రెండోది కావాలని తప్పించి రీబౌండ్ కోసం కొట్లాడటం ఒక్కటే. కాబట్టి పర్డ్యూ ఫౌల్ చేయడం తప్పు కాదు, టెక్ అంత ముందు చేయకపోవడమూ తప్పు కాదు. పర్డ్యూ తప్పు ఆ తర్వాత, రీబౌండ్ దగ్గర. టెక్ తప్పు, త్రీ పడితే తప్ప గట్టెక్కని జట్టు మీద రెండు పాయింట్ల డ్రైవ్‌కి సాయం పోవడం. ముందుకి పోనివ్వాలి. రెండు వేసినా మనమే ఒకటి ముందుంటాం.

గోదారిగట్టు
మాస్టారూ, ఆ చివరి మాట బంగారం. మూడు ముందున్నప్పుడు డ్రైవ్‌కి సాయం పోకూడదు. నేను ఎప్పుడూ ఆ కోణంలో ఆలోచించలేదు.

కోనసీమ_షూటర్
ఆబర్న్?

ఓరుగల్లు_పాయింట్‌గార్డ్
ఆబర్న్ మీద వర్జీనియా ఐదు నిమిషాలుండగా పది ముందుంది. అక్కడి నుంచి ఆబర్న్ వరుసగా 14 కొట్టి 61-57 చేసింది. ఆ ఐదు నిమిషాలు వర్జీనియా అఫెన్స్ చచ్చుబడిపోయింది, దాన్ని వెనకేసుకురాను. గై మూల నుంచి త్రీ వేసి 61-60 చేశాడు. ఆబర్న్ ఫ్రీ త్రోలు రెండిట్లో ఒకటే పడింది, 62-60. డబుల్ డ్రిబుల్ ఆ తర్వాత. అది తప్పిన విజిలే, మీతో ఏకీభవిస్తాను.

కానీ ఆ వెంటనే ఆబర్న్ జెరోమ్‌ని ఫౌల్ చేసింది, ఫ్రీ త్రోలు రాని ఫౌల్, వాళ్ళు టీమ్ ఫౌల్స్ పరిమితి ఇంకా దాటలేదు కాబట్టి. 1.5 సెకన్లు. పక్క నుంచి జెరోమ్ బంతి వేశాడు, గై మూలకి పరిగెత్తి అందుకుని ఎగిరాడు. ఆబర్న్ ఆటగాడు డౌటీ అతని ఒంటి మీదికి వెళ్ళాడు. షూటర్ దిగే చోటు షూటర్‌దే. అది ఫౌల్, ఆఖరి సెకను అయినా మొదటి నిమిషం అయినా.

నెల్లూరు_జంప్‌షాట్
తర్వాతి ముప్ఫై సెకన్ల గురించి చెప్పకపోతే పాపం. మూడు ఫ్రీ త్రోలు. ఆబర్న్ రెండు ముందుంది కాబట్టి గెలవాలంటే మూడూ పడాలి. స్టేడియం ఫుట్‌బాల్‌ది, మినియాపొలిస్‌లో, రింగ్ వెనక గోడ ఎక్కడో దూరాన ఉంటుంది, కళ్ళకి ఆనుకునే చోటు దొరకదు. మొదటిది పడింది. రెండోది పడింది, సమం. అప్పుడు ఆబర్న్ కోచ్ బ్రూస్ పెర్ల్ టైమౌట్ తీసుకున్నాడు, కుర్రాడి చెయ్యి చల్లబడాలని. గై జెర్సీ నోటి మీదికి లాక్కున్నాడు. తిరిగొచ్చి మూడోది కూడా వేశాడు. 63-62.

కోనసీమ_షూటర్
ఫ్రీ త్రోలు అదృష్టం కాదు, అది ఒప్పుకోక తప్పదు. ఫైనల్ ఓవర్‌టైమ్‌లో కూడా పన్నెండుకి పన్నెండు వేశారని ఇప్పుడే చూశాను. 85-77. ఆబర్న్ విజిల్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

బెంచ్_చివర
ఉండండి, అందులో తప్పేం లేదు. ఫైనల్లో హంటర్‌ని కూడా చెప్పుకోవాలి. 27 పాయింట్లు, అతని కాలేజీ ఆటలో అత్యధికం. టెక్ ముఖ్య ఆటగాడు కల్వర్ షాట్లు 22కి 5. అతని మీద ఎక్కువసేపు ఉన్నది హంటరే. 2018లో లేని మనిషి 2019లో ఉంటే ఏమవుతుందో ఆ ఒక్క రాత్రి చాలు. ఆ జూన్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్ళని వరుసగా ఎంచుకునేది) హంటర్ నాలుగో పిక్, జెరోమ్ 24, గై 55.

పికెండ్‌రోల్
జాక్ సాల్ట్ గురించి కూడా ఒక్క మాట. 208 సెంటీమీటర్లు, స్క్రీన్‌లు పెట్టడానికే పుట్టినట్టుండేవాడు. టోర్నమెంట్‌లో జట్లు చిన్నవాళ్ళతో ఆడుతుంటే అతని నిమిషాలు తగ్గి డియాకిటేకి పెరిగాయి. నాలుగో సంవత్సరం దాటిన సీనియర్, పేచీ పెట్టలేదు. 2018లో యూఎంబీసీ మీద చిన్నవాళ్ళతో ఆడదామంటే హంటర్ చేతిలో లేడు.

గోదారిగట్టు
ఆ యూఎంబీసీ కోచ్ ఏమయ్యాడు?

ఓరుగల్లు_పాయింట్‌గార్డ్
ర్యాన్ ఓడమ్. బెనెట్ 2024 అక్టోబర్‌లో, సీజన్ మొదలవబోతుండగా తప్పుకున్నాడు. 2025 మార్చిలో వర్జీనియా పిలిచి కోచ్ పదవి ఇచ్చింది ఓడమ్‌కే. వాళ్ళ నాన్న డేవ్ ఓడమ్ ఒకప్పుడు వర్జీనియాలో అసిస్టెంట్ కోచ్. ఈయన చిన్నప్పుడు అక్కడ బాల్ బాయ్.

గోదారిగట్టు
అబ్బ! ఓడించినవాణ్నే ఇంటికి తెచ్చుకున్నారన్నమాట.

సిమెంట్‌కోర్టు
నా ప్రశ్నకి మళ్ళీ వస్తున్నా. మనం ఆడేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్. వర్జీనియా పద్ధతి యథాతథంగా పెట్టొచ్చా?

లోపలిగీత
కొంచెం మార్చాలి. 2018–19లో కాలేజీ త్రీ గీత 20 అడుగుల 9 అంగుళాలు, అంటే 6.32 మీటర్లు. ఆ తర్వాతి సీజన్ నుంచి 6.75కి జరిపారు, ఫీబా గీత అదే. ప్యాక్ లైన్ నుంచి త్రీ గీతకి అప్పట్లో 1.42 మీటర్లు పరిగెత్తితే సరిపోయేది, మీకు 1.85. ఆ నలభై చిల్లర సెంటీమీటర్లే షూటర్‌కి ఊపిరి. కాబట్టి మీ కుర్రాళ్ళని నలభై సెంటీమీటర్లు బయటికి, 5.3 దగ్గర నిలబెట్టండి. మంచి షూటర్ మీద ఉన్నవాడు ఇంకో అడుగు బయటికి. షాట్ క్లాక్ 24 కాబట్టి కాచే సమయం తక్కువ, అది మీకు లాభం.

లెక్కలమాస్టారు
మూడు ముందున్నప్పుడు ఫౌల్ చేసే ముందు ఇంకోటి గుర్తుంచుకోండి. ఎన్‌సీఏఏలో ఫ్రీ త్రో లేన్‌లో డిఫెన్స్‌వాళ్ళు నలుగురు, అఫెన్స్ ఇద్దరు. ఫీబాలో ముగ్గురు, ఇద్దరు. రీబౌండ్ పోయే ప్రమాదం మనకి ఎక్కువ. క్వార్టర్‌లో ఐదో టీమ్ ఫౌల్ నుంచే ఫ్రీ త్రోలు, అంటే నాలుగు అయిపోయాయో లేదో టేబుల్ దగ్గర ముందే అడగండి. నాలుగు కాకపోతే మీ ఫౌల్‌కి వాళ్ళకి పక్క నుంచి బంతే దొరుకుతుంది. షూటర్ పక్కన నిలబడ్డ మీ మనిషి, షాట్ వదలగానే షూటర్ దారికి అడ్డం వెళ్ళాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

సిమెంట్‌కోర్టు
ప్రాక్టీస్ ఎలా పంచుకోవాలి? రోజుకి గంటన్నర దొరుకుతుంది.

లోపలిగీత
మొదటి రెండు వారాలు నలుగురికి నలుగురు, సగం కోర్టు, డ్రిబుల్ లేకుండా. బంతి ఊరికే చుట్టూ తిరుగుతుంది, ప్రతి పాస్‌కి నలుగురూ చోటు మారాలి. పావుగంట చాలు, అంతకు మించితే కాళ్ళు బద్ధకిస్తాయి. మూడో వారం డ్రైవ్ కలపండి, కానీ షాట్ వద్దు. సాయం, పాస్, క్లోజౌట్ (తన మనిషి మీదికి తిరిగి పరిగెత్తడం) అంతే. నాలుగో వారం నుంచి షాట్, రీబౌండ్. బాల్ స్క్రీన్ ఐదో వారం కన్నా ముందు పెట్టకండి. ముందే పెడితే పెద్దవాడు బయటికి దూకడం నేర్చుకుంటాడు, వెనక్కి రావడం నేర్చుకోడు.

మొదట కనపడే తప్పు: ఖాళీలో ఉండాల్సినవాడు తన మనిషికి అతుక్కుపోతాడు, పాస్ అందకూడదని. రెండోది నిటారుగా నిలబడటం. మూడోది, బంతి ఒక వైపు నుంచి అవతలి మూలకి ఒక్క పాస్‌లో దాటినప్పుడు ఇద్దరూ ఒకే మనిషి మీదికి పరిగెత్తడం. దానికి మందు నోరు. "నాది" అని అరిచినవాడే పోవాలి.

సిమెంట్‌కోర్టు
గీత ఎలా వేయమంటారు? మాది బయటి కోర్టు, టేప్ రెండ్రోజులకే ఊడిపోతుంది.

లోపలిగీత
బోర్డు కాదు, రింగ్ మధ్యభాగానికి సరిగ్గా కింద ఒక చుక్క పెట్టండి. రింగ్ మధ్యలోంచి దారానికి చిన్న రాయి కట్టి వదిలితే ఆ చోటు తెలుస్తుంది. అక్కడ ఒకడు తాడు చివర పట్టుకుని కూర్చుంటే, 5.3 మీటర్ల దగ్గర సుద్దముక్క కట్టి ఇంకొకడు చుట్టూ గీస్తాడు. రోజూ ఐదు నిమిషాల పని. ఖోఖో కోర్టుకి పోసినట్టు సున్నం మాత్రం పోయకండి, సిమెంట్ మీద చిన్న అడుగులు వేసేటప్పుడు బూటు జారుతుంది.

సిమెంట్‌కోర్టు
రేపు పొద్దున్నే గీస్తాం.